కొసరు పడని చుక్క

“నువ్వు గింజను చూసినావా, గీతను చూసినావా?”

రెండేళ్ల కిందట, ఫిబ్రవరిలో ఒక మంగళవారం, నంద్యాలలో నూనెపల్లె వైపున్న ఒక చిన్న ప్రైవేటు ల్యాబు వరండాలో నిలబడి ఉమామహేశ్వరమ్మ అనే రైతు అడిగిన ప్రశ్న ఇది. అడిగించుకున్నది భ్రమరాంబిక. వయసు ఇరవై ఆరు, ఉద్యోగం ల్యాబ్ టెక్నీషియన్, జీతం పద్నాలుగు వేలు. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నకు జవాబు “గీతను” అనే. గింజను ఆమె పట్టించుకుని చూడలేదు. పొడి చేసింది, అందులోంచి డీఎన్ఏ తీసింది, దాన్ని ఎంజైమ్‌తో కోసింది, ఫోటోలో పడిన గీతలు లెక్కపెట్టింది, “తిరస్కరించడమైనది” అని ఉన్న కాగితం మీద సంతకం పెట్టింది.

ఆ రోజు మాత్రం అదేమీ చెప్పలేదు. “రిపోర్టు కంపెనీ వాళ్లకే ఇస్తాం పెద్దమ్మా. మాతో ఏం మాట్లాడినా లాభం లేదు” అంది.

“నా గింజల గురించి నాకు చెప్పకూడనిది ఏముంటాది మే? మగ మొక్కలు మార్చేసినానంట. దొంగతనం అంటగట్టినారు. ఏ కంటితో చూసినావో అది చెప్పు, పోతా.”

చెప్పలేదు. ఆమె పోలేదు కూడా. మధ్యాహ్నం దాకా మెట్ల మీద కూర్చుని, తెచ్చుకున్న సద్ది తిని, చేయి కడుక్కుని, అప్పుడు ఆళ్లగడ్డ బస్సు ఎక్కింది.

భ్రమరాంబిక గురించి అంతకు ముందే ఒక పత్రికలో వచ్చింది. అడవి నుంచి డీఎన్ఏ దాకా అన్న ధోరణిలో పెద్ద శీర్షిక, కింద మైక్రోస్కోపులోకి తొంగిచూస్తున్న ఫోటో. ఆ మైక్రోస్కోపు ఆ ల్యాబులో ఎవరూ వాడని ఏకైక వస్తువు. ఫోటో కోసం దుమ్ము తుడిచారు. అహోబిలం దారిలో అడవి అంచున ఉన్న చెంచు గూడెం ఆమెది. ఆశ్రమ పాఠశాలలో పది, ఆళ్లగడ్డలో ఇంటరు, నంద్యాలలో బయోటెక్నాలజీతో డిగ్రీ. ఇందులో ఆశ్చర్యపోవడానికి ఏమీ లేదు. ఫీజు కట్టక్కర్లేని చోట చదివింది, పరీక్షలు పాసైంది, ఉద్యోగం ఉన్నచోట చేరింది. ఆమె గురించి చెప్పుకోవలసింది ఆ పత్రికలో రాలేదు. చెప్పుకోవలసింది ఆమె చేసిన తప్పు, ఆ తప్పును ఆమె వదలకుండా పట్టుకున్న తీరు.

ముందు పని సంగతి. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో పత్తి విత్తనం చేను అంటే హైబ్రిడ్ విత్తనం తీసే చేను. కంపెనీ ఆడ రకం గింజలు, మగ రకం గింజలు విడివిడిగా ఇస్తుంది. రైతు రెండూ పక్కపక్కన వేస్తాడు. సాయంత్రం పూట ఆడ మొక్క మొగ్గను గోటితో చీల్చి, పుప్పొడి ఉన్న భాగం తీసేయాలి. మరునాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దాని మీద రుద్దాలి. రుద్దినదానికి ఎర్ర దారం కట్టాలి. దారం లేని కాయ విత్తనానికి పనికిరాదు, తెంపేయాలి. రెండు నెలలు రోజూ ఇదే. గింజలు చేతికొచ్చాక అవి నిజంగా ఆ ఆడకూ ఆ మగకూ పుట్టినవేనా అని తేల్చడానికి పూర్వం ఇంకో పంట వేసి చూసేవారు, నాలుగు నెలలు పట్టేది. ఇప్పుడు ల్యాబు నాలుగు రోజుల్లో తేలుస్తుంది.

ల్యాబు తేల్చే పద్ధతి చెప్పుకుంటే తేలికే. మగ రకం డీఎన్ఏలో ఒకచోట ఆరక్షరాల గుర్తు ఉంది: జి, ఏ, ఏ, టి, టి, సి. ఆడ రకంలో సరిగ్గా అక్కడే ఒక అక్షరం తేడా. ఈకో ఆర్ వన్ అనే ఎంజైమ్ ఆ ఆరక్షరాలూ వరసగా కనబడితేనే కోస్తుంది, లేకపోతే ముట్టుకోదు. కాబట్టి ఆ ముక్కకు నకళ్లు తీసి ఎంజైమ్ కలిపితే ఆడది ఒకే ముక్కగా మిగులుతుంది, మగది రెండవుతుంది. రెంటికీ పుట్టిన గింజలో మూడు ముక్కలు, ముక్కల్ని పొడవును బట్టి విడదీసే జెల్ ఫోటోలో మూడు గీతలు. మూడుంటే పాసు.

ఉమామహేశ్వరమ్మ గింజలు తొంభై పరీక్షిస్తే తొంభైకీ ఐదు గీతలు వచ్చాయి.

ల్యాబు ఇన్‌చార్జి సందీప్ ఆ ఫోటో చూసి క్షణం ఆలోచించలేదు. “అన్నిట్లోనూ ఒకే తేడా ఉందంటే గాలికొచ్చిన పుప్పొడి కాదు. మగ రకమే వేరే. కంపెనీ ఇచ్చింది అమ్ముకుని ఇంకేదో వేసుకుంది” అన్నాడు. ఆ మాట రిపోర్టులోకి ఎక్కింది. భ్రమరాంబిక సంతకం పెట్టింది, కింద సందీప్ పెట్టాడు.

సందీప్ చెడ్డవాడు కాదు. ఎమ్మెస్సీ చదివాడు, ఇంటి దగ్గర పొలాలున్నాయి, ల్యాబు ఖర్చు తగ్గించమని యజమాని ఫోన్ చేసినప్పుడల్లా తల ఊపే ఉద్యోగం అతనిది. డిసెంబరులో అలా ఒకసారి తల ఊపి వచ్చి, “రేపట్నుంచి ప్రతి రియాక్షనూ సగం. ఇరవై మైక్రోలీటర్ల చోట పది” అన్నాడు. డీఎన్ఏ పదికి బదులు ఐదు, ఎంజైమ్ పనికి కావలసిన లవణాల నీళ్లు, అంటే బఫరు, రెండుకు బదులు ఒకటి, ఎంజైమ్ ఒకటికి బదులు అర. మిగతాది నీళ్లు. ఇంకో పొదుపు కూడా చేశాడు. ఒక్కో గింజకు ఒక్కో గుంత ఉండే ప్రతి ప్లేటులోనూ కంపెనీ ఇచ్చిన అసలు ఆడ, మగ, హైబ్రిడ్ నమూనాలు పోల్చుకోవడానికి పెట్టేవారు. “అవి మారవు కదా, రోజూ చూసేదేముంది? వారానికి ఒకసారి పెట్టండి” అన్నాడు.

భ్రమరాంబిక అన్నీ సగం చేసింది, ఎంజైమ్ తప్ప. ఎంజైమ్ సగం చేయడానికి ఆమెకు చేయి రాలేదు. అర మైక్రోలీటరు అంటే పిపెట్ కొనకు అంటుకుందో లేదో తెలియనంత. అందుకని ఒకటే వేసింది. వేశాక ఎందుకైనా మంచిదని మరో అర వేసింది.

ఆ అర ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే ఆమె తండ్రి దగ్గరికి పోవాలి. చెంచయ్య దిగువ అహోబిలంలో, జీపులు ఆగేచోట తేనె అమ్ముతాడు. గ్లాసు కొలత. గ్లాసు నిండాక ఇంకో గరిటెడు కొసరు పోయకపోతే కొనేవాడు కదలడు. కూరగాయల దగ్గర, పప్పుల దగ్గర అందరూ వేసే కొసరే, కానీ చెంచయ్య దగ్గర దానికి ఇంకో కారణం కూడా ఉంది. అడవోళ్లు బెల్లం పాకం కలుపుతారని, కొలతలో చేయి బిగిస్తారని వచ్చే ప్రతివాడికీ ముందే అనుమానం. కొసరును జనం దొడ్డ మనసు అని మెచ్చుకుంటారు. చెంచయ్యకు అది ఆ అనుమానం మీద కట్టే పన్ను. సెలవుల్లో పక్కన కూర్చుని గరిటె పట్టిన కూతురికి అది చేతిలో స్థిరపడిపోయింది. తన చేయి తక్కువ వేసిందని ఎవరూ అనకూడదు. ల్యాబులో చేరాక బఫర్‌లో వేయలేదు, రంగులో వేయలేదు. అన్నిటికంటే ఖరీదైనది, అసలు పని చేసేది ఏదో దాంట్లోనే వేసింది, ఎందుకంటే తక్కువ వేసిందని అనగలిగేది దాని గురించే.

ఉమామహేశ్వరమ్మ ల్యాబుకు వచ్చిన మంగళవారానికి ముందు శుక్రవారం ఇంకో కొసరు కూడా పడింది. ఉమామహేశ్వరమ్మ ప్లేటు సాయంత్రం ఐదుకు తయారైంది. గంటసేపు ముప్పై ఏడు డిగ్రీల దగ్గర ఉంచి తీసేయాలి. ఆ తర్వాత జెల్ నడిపే వేళ లేదు. ఇంకాసేపు ఉంటే ఇంకా బాగా తెగుతుందిలే అనుకుని అలాగే ఉంచి బస్సుకు వెళ్లింది. శనివారం పొద్దున తీసింది.

అప్పటికి ఆమెకు ఇందులో తప్పేమీ కనబడలేదు. మంగళవారం ఉమామహేశ్వరమ్మ వచ్చి వెళ్లాక కూడా ఆమె మీద జాలి వేసింది గాని అనుమానం రాలేదు. ప్రశ్న మాత్రం చెవిలో ఉండిపోయింది. గురువారం ఫోటో మళ్లీ తీసి చూసింది. తొంభై వరసలు, తొంభైలోనూ మూడు గీతలు ముదురుగా, రెండు పలచగా. మగ రకం వేరైతే ఆ రెండూ కూడా ముదురుగానే రావాలి కదా. శుక్రవారం ఫైలులో ఉన్న నంబరు చూసి ఉమామహేశ్వరమ్మకు ఫోన్ చేసింది.

“ఆదివారం మీ చేను చూడొచ్చా పెద్దమ్మా?”

“చూసి ఏం జేస్తావ్? చేన్ను గూడా పొడి జేస్తావా?”

“మా ఊరికి పోయే దారే. దిగి చూసి పోతా.”

“రా, రా. పొడి జేసుకునేదానికి ఇంగ నేను, మా ఆయన మిగిలినాం.”

ఆళ్లగడ్డలో దిగి, రోడ్డు పొడుగునా రాతి విగ్రహాలు చెక్కే కొట్లు దాటి, షేర్ ఆటోలో ఆ పల్లెకు చేరింది. విత్తనం చేను ఉమామహేశ్వరమ్మదే. భర్త నరసింహులు ట్రాక్టరు బాడుగలకు తిరుగుతాడు, చేలో మాట చెప్పడు. రెండెకరాల్లో పత్తి కట్టె ఇంకా నిలబడే ఉంది. ఒక పక్క శనగ, ఒక పక్క జొన్న, వెనక బీడు.

“చుట్టూ పత్తి లేదే?” అంది భ్రమరాంబిక.

“లేని చోటు చూసే కదా కంపెనోళ్లు చేను ఒప్పుకునేది. నువ్వు కొత్తగా కనిపెట్టినావా?”

“మగ గింజల ప్యాకెట్లు?”

ఖాళీ ప్యాకెట్లు ఇంట్లో మేకుకు గుచ్చి ఉన్నాయి. కంపెనీ ముద్ర, లాట్ నంబరు, అన్నీ ఉన్నాయి. ఉమామహేశ్వరమ్మ వాటిని చేతికిచ్చి, మూలనున్న యూరియా సంచి ఈడ్చుకొచ్చి ఆమె కాళ్ల ముందు బోర్లించింది. ఎర్ర దారపు ముక్కలు. కాయ కోసినప్పుడల్లా విప్పి దాచినవి, మోకాలెత్తు కుప్ప.

“ఇవి లెక్కబెట్టుకో. ఒక్కో దారానికి ఒక్కో పువ్వు. మగ పువ్వు యాడ తెంపినారో, ఎవురు తెంపినారో, రోజువారీ చెప్తా. మార్చేదాన్నయితే ఇంత దారం కట్టే పనేముండాది నాకు? ఊరికే వదిలేస్తే అదే పండుతాండె.”

భ్రమరాంబిక ఒక దారం ఎత్తి చూసింది. “నేను ఇంకోసారి చూస్తా పెద్దమ్మా” అంది.

“ఈసారన్నా గింజను చూడు.”

అక్కడినుంచి ఇంటికి వెళ్లింది. తల్లి గురవమ్మ వండిపెట్టింది తిని, మధ్యాహ్నం తండ్రి దగ్గరికి దిగువ అహోబిలం వెళ్లింది. బనగానపల్లె నుంచి వచ్చిన ఒకామె తేనె కొంటోంది. “ఇంగ రవ్వంత పోయ్యప్పా, నీ సొమ్మేం పోతాది” అంటోంది. చెంచయ్య పోశాడు. ఆమె పోయాక శ్రీశైలం అనే గూడెపు మనిషి కడుపు పట్టుకుని వచ్చాడు. చెంచయ్య గుడ్డమూట విప్పి ఒక వేరు తీశాడు. రాతి మీద నాలుగు చుక్కల నీళ్లు పోసి, రెండు రుద్దులు రుద్ది, గోటి మీదికి వచ్చినంత ఇచ్చాడు.

“ఇంతేనా? ఇంగో రెండు రుద్దులు రుద్దన్నా. నొప్పి గట్టిది.”

“ఇంతే.”

“తేనెకైతే గరిటెలు గరిటెలు పోస్తాండావే, నాకైతే గోరంతనా?”

“తేనె ఎక్కువైతే తీపే. ఇది ఎక్కువైతే నొప్పి తీసే పని వదిలిపెట్టి ఇంగో పని పెట్టుకుంటాది. పో.”

భ్రమరాంబిక తండ్రి చేతి వంక చూస్తూ ఉండిపోయింది. పదేళ్లు పక్కన కూర్చుని ఆ చేయి నేర్పిన దాంట్లో సగమే నేర్చుకుంది.

“నాయనా, ఎక్కువైతే ఇంగో పని అంటే ఏం పని?”

“అది దానికే తెలీదు.”

ఇక్కడ అడవి జ్ఞానం ముందు విజ్ఞానశాస్త్రం తలవంచింది అని రాసేవాళ్లుంటారు. అలాంటిదేమీ జరగలేదు. చెంచయ్య చెప్పిన మాటే ఎంజైమ్ డబ్బాతో పాటు వచ్చిన కాగితంలో అచ్చులో ఉంది. ఎవరూ చదవలేదు, అంతే. సోమవారం పొద్దున భ్రమరాంబిక ఆ కాగితం కోసం ల్యాబంతా వెతికింది. సెంట్రిఫ్యూజ్ ఒక కాలు పొట్టిదై ఊగుతుంటే దాని కింద నాలుగు మడతలు పెట్టి ఉంది. లాగి విప్పింది.

మొత్తంలో పదో వంతుకు మించి ఎంజైమ్ వేయరాదు. గ్లిజరిన్ ఐదు శాతం దాటరాదు. ఎక్కువసేపు ఉంచరాదు. దాటితే ఎంజైమ్ తన గుర్తును పట్టించుకోదు. ఆరక్షరాల్లో ఐదు కుదిరినచోట కూడా కోస్తుంది. దీన్ని స్టార్ యాక్టివిటీ అంటారు.

ఎంజైమ్ చెడకుండా ఉండటానికి సగానికి సగం గ్లిజరిన్‌లో పెట్టి అమ్ముతారు. పదిలో ఒకటిన్నర ఎంజైమ్ అంటే ఏడున్నర శాతం గ్లిజరిన్. ఆ పైన రాత్రంతా వేడిలో ఉంది. మూత సందుల్లోంచి నీళ్లు ఆవిరైపోతాయి, గ్లిజరిన్ పోదు, ఇంకా చిక్కబడుతుంది. లెక్క వేయడానికి అర నిమిషం పట్టలేదు. గంటలో తీసేసిన ప్లేట్లకు అంత సమయం దొరకలేదు కాబట్టి వాటిలో కొత్త గీతలు కంటికి ఆనలేదు. పోల్చుకోవడానికి అసలు నమూనాలు ఆ ప్లేటులో ఉండుంటే వాటిలో కూడా ఐదు గీతలు వచ్చి, తప్పు శనివారం పొద్దున్నే పట్టుబడేది.

లెక్క చాలదు, చూపాలి. ఆ రోజు ఆమె రెండు ప్లేట్లు పెట్టింది. మొదటిదాంట్లో కంపెనీ సీలు వేసి ఇచ్చిన అసలు హైబ్రిడ్ నమూనా. దాన్ని ఆ శుక్రవారం చేసినట్టే చేసింది: పదిలో ఒకటిన్నర, మరునాటి పొద్దుటిదాకా. రెండోదాంట్లో ఉమామహేశ్వరమ్మ లాటు నుంచి సీలు వేసి దాచిన గార్డు నమూనా గింజలు తొంభై, పక్కన అసలు నమూనాలు. దీనికి ఇరవై మైక్రోలీటర్లు, అందులో ఒకటే ఎంజైమ్. చిన్న కొలత చేతిలో తప్పకుండా, ప్లేటుకంతటికీ కావలసిన బఫరు, నీళ్లు, ఎంజైమ్ ఒకే గొట్టంలో ముందుగా కలిపి పంచింది. గంటకు టైమర్ పెట్టింది. మోగగానే అరవై ఐదు డిగ్రీలకు ఇరవై నిమిషాలు ఎక్కించి ఎంజైమ్‌ను చంపేసింది, ఇక కోయడానికి వీల్లేకుండా.

మంగళవారం ఫోటోలు వచ్చాయి. కంపెనీ సొంత హైబ్రిడ్‌లో ఐదు గీతలు. ఉమామహేశ్వరమ్మ గింజల్లో ఎనభై తొమ్మిదింటికి మూడు గీతలు. ఒక గింజ మాత్రం ఒకే గీత చూపింది, దారం తప్పు కాయకు పడి ఉంటుంది. కంపెనీ అడిగేది నూటికి తొంభై ఐదు.

రెండు ఫోటోలూ సందీప్ బల్ల మీద పెట్టింది. అతనికి వెంటనే అర్థమైంది.

“ఇవి ఎవరికీ పంపలేదు కదా?”

“ఇంకా లేదు సార్.”

“ఇంకా అంటే ఏంది భ్రమరా? ఒక రిపోర్టు మార్చినామంటే మిగతావన్నీ అడుగుతారు.”

“అడగనీ సార్. మళ్లీ చేస్తాం.”

“ఎవరి ఖర్చుతో?”

“రియాక్షన్లు సగం చేసి మిగిల్చినాం కదా సార్. దాంతో.”

సందీప్ కుర్చీ వెనక్కి జరిపాడు. “తప్పు నీది అని రాయాల్సి వస్తుంది.”

“రాయండి. సగం నాదే.”

“సగమా?”

“సగం చేయమన్నది మీరు. సగం చేయంది నేను.”

“నీ ఉద్యోగం సంగతి ఆలోచించుకో. మీ నాయనకు తేనె మీద నెలకు ఎంతొస్తాది?”

“ఎంతొచ్చినా కొలిచే ఇస్తాడు సార్.”

సందీప్ ఫోటోలు సొరుగులో పెట్టి తాళం వేశాడు. భ్రమరాంబిక దగ్గర ఇంకో రెండు ప్రతులున్నాయి. ఆ సంగతి చెప్పి వచ్చి తన బల్ల దగ్గర కూర్చుంది.

ఆ వారం ఆమె చేసిన పనిని పోరాటం అనేయడం తేలిక. పోరాటంలా కనబడలేదు. పొద్దున తొమ్మిదికి వచ్చింది, గింజలు పొడి చేసింది, ప్లేట్లు పెట్టింది, టైమర్ మోగగానే తీసింది, ఫోటోలు ఫైల్లో పెట్టింది. రిపోర్టులు అచ్చు వేసి వరసగా పేర్చింది. సంతకం మాత్రం పెట్టలేదు. ప్రతి రిపోర్టుకూ టెక్నీషియన్ సంతకం, ఇన్‌చార్జి సంతకం రెండూ ఉండాలి. ఆ ల్యాబులో టెక్నీషియన్ ఆమె ఒక్కతే.

“ఇదేం పని?” అన్నాడు సందీప్ బుధవారం.

“ఆ ఒక్క కాగితం మీద ముందు పెడతా సార్. తర్వాత ఎన్నిటి మీదంటే అన్నిటి మీద.”

“బెదిరిస్తాండావా?”

“లేదు సార్. పాతది తప్పని తెలిసినాక, దాని మీదుండే చేత్తోనే కొత్తవాటి మీద ఎట్ల పెట్టాల?”

గురువారానికి ఇరవై రెండు రిపోర్టులు పేరుకున్నాయి. శుక్రవారానికి ముప్పై ఒకటి. మధ్యాహ్నం కంపెనీ ఆఫీసు నుంచి ఫోన్: గోడౌన్‌లో చోటు లేదు, లాట్లు ఎందుకు కదలడం లేదు. ఫోన్ పెట్టేసి సందీప్ సొరుగు తాళం తీశాడు. అది మనస్సాక్షి పని కాదు, గోడౌన్ పని. కాగితం మీద తేడా తెలియదు.

తేడా తెలిసే చోటు ఇంకోటుంది. సవరించిన రిపోర్టులో కారణం రాయాలి. సందీప్ “సాంకేతిక కారణాల వల్ల” అని కొట్టించాడు. భ్రమరాంబిక దాన్ని తుడిపించి, “ఎంజైమ్ ఎక్కువ పడి, ఎక్కువసేపు ఉండి, కోయకూడని చోట కోసినందువల్ల మొదటి ఫలితం చెల్లదు, రైతు మగ రకం మార్చిందన్న వ్యాఖ్య తప్పు” అని రాయించింది. ఆ చివరి ముక్క దగ్గర ఇంకో గంట వాదన నడిచింది. సాంకేతిక కారణం అంటే ఉమామహేశ్వరమ్మ మీద పడ్డ దొంగతనం అలాగే ఉండిపోతుందని ఆమె మాట. ఆ వాక్యం ఉంటేనే సంతకం. సాయంత్రం ఐదుకు పెట్టింది. తర్వాత మిగతా ముప్పై ఒకటీ ఒక్క కూర్చోడంలో పెట్టింది.

మరుసటి ఆదివారం ఆ పల్లెకు వెళ్లి చెప్పింది. ఉమామహేశ్వరమ్మ పత్తి కట్టె పీకిస్తోంది. నడుం ఎత్తకుండానే విన్నది.

“తప్పు యాడుండాదని తేల్చినావ్?”

“నా దగ్గరే పెద్దమ్మా. మందు ఎక్కువ వేసినా. ఎక్కువైతే కోయకూడని చోట గూడా కోస్తాది.”

“ఎందుకు ఎక్కువేసినావ్?”

“కొసరు.”

ఉమామహేశ్వరమ్మ అప్పుడు నడుమెత్తి ఆమె మొహం చూసింది. కొత్త కూలీ మనిషి పనిని చూసినట్టు చూసింది. “ముందే చెప్పుంటే ఆ మెట్ల మీద నేను సద్ది తినే పనుండేది కాదు” అంది. తర్వాత, “తొంభైలో ఒకటి తప్పిందన్నావే, అది ఎవురు కట్టినారో నాకు తెలుసు. తూర్పు సాళ్లలో సౌజన్య. ఫోన్ చూస్తా కడతాది.” థాంక్స్ చెప్పలేదు, దీవించలేదు. చెప్పవలసిన పని లేదు. తనకు జరిగిన అన్యాయాన్ని ఆ అన్యాయం చేసిన మనిషే దిద్దితే అందులో మెచ్చుకోడానికేముంది? భ్రమరాంబిక కూడా అందుకోసం పోలేదు.

ల్యాబు ఆమెకు ఒక మెమో ఇచ్చింది, ఆ ఏడాది జీతం పెంచలేదు. ఉద్యోగం తీయలేదు, సీజన్ మధ్యలో ఇంకో మనిషి దొరకదు. పెరిగిన పనికి ఇద్దరు కావాలని ఆమె అడిగింది, ఏడాది తర్వాత కరుణ అనే అమ్మాయిని ఇచ్చారు. మిగతా పాత ప్లేట్లన్నీ మళ్లీ చేశారు, ఇంకే ఫలితమూ మారలేదు. రియాక్షన్ మళ్లీ ఇరవై అయింది. ప్రతి ప్లేటులోనూ అసలు నమూనాలు పెడుతున్నారు. ఎంజైమ్ కాగితం గోడకు అంటించి ఉంది; సెంట్రిఫ్యూజ్ కాలి కింద ఇప్పుడు ఆ పాత పత్రిక ముక్క ఉంది, మైక్రోస్కోపు ఫోటో ఉన్నది.

ఈ మధ్య కరుణ ఒక రోజు ప్లేటు పెట్టి, “అక్కా, డీఎన్ఏ కొంచెం చిక్కగా ఉందని ఎంజైమ్ ఒక చుక్క ఎక్కువేశా” అంది.

“పారెయ్. మళ్లీ చెయ్.”

“ఒక్క చుక్కేగా అక్కా. తొంభై గింజలు మళ్లీ పొడి చెయ్యాలా?”

“గింజలెందుకు, డీఎన్ఏ మిగిలుంది కదా. చెయ్. తెగలేదనిపిస్తే అప్పుడు అడుగు. డీఎన్ఏ తగ్గిద్దాం. ఎంజైమ్ పెంచడం మాత్రం లేదు.”

“మనిషి ఇంత పిసినారిగా ఉండకూడదక్కా” అని గొణుక్కుంటూ కరుణ ప్లేటు పారేసింది. ఆ మాట భ్రమరాంబికకు వినబడింది. రెండేళ్ల కిందటైతే ఆ మాటకు ఇంకో చుక్క వేసేది. ఇప్పుడు టైమర్ తిప్పి పెట్టింది.

ఉమామహేశ్వరమ్మ గింజలు ఆ మార్చిలోనే గోడౌన్‌కు పోయాయి, ప్యాకెట్లకెక్కి జూన్‌లో అమ్ముడుపోయాయి. వాటి మీద కంపెనీ ఆమెకు ఇవ్వాల్సింది రెండు లక్షల ఎనభై ఆరు వేలు. లక్షా ఎనభై వేలు ముట్టాయి. లక్షా ఆరు వేలు ఇంకా రావాలి.